కేటలాగు కట్టండి, కేసెట్టు జోలికి వెళ్లకండి

ముందుగా అటక ఎక్కకండి. అక్కడ ఏమున్నాయో, ఎన్నున్నాయో కళ్లారా చూస్తే పని చిన్నదని తేలిపోయే ప్రమాదం ఉంది. వందలోపు సినిమా డిస్కులు, ఓ పాతిక వీహెచ్ఎస్ కేసెట్లు, అన్నయ్య గల్ఫ్ నుంచి తెచ్చిన కెమెరాతో తీసిన నాలుగైదు మినీ డీవీ టేపులు. మామూలు ఇంట్లో ఇంతకు మించి ఉండవు. వీటికి రూళ్ల నోటుబుక్కు ఒకటి, ఆదివారం మధ్యాహ్నం ఒకటి చాలు. ఈ సంగతి ఇంట్లోవాళ్లకు తట్టకముందే కంప్యూటర్ ముందు కూర్చుని, "దీనికి సరైన సాఫ్ట్‌వేర్ కావాలి" అని గట్టిగా ప్రకటించండి. ఆ తర్వాత అడిగేవాళ్లుండరు.

సాఫ్ట్‌వేర్ ఎంచుకోవడంలో తొందరపడేవాళ్లంటే నాకు గౌరవం లేదు. టెలికో, జీసీస్టార్, యాంట్ మూవీ కేటలాగ్, డేటా క్రో ఉన్నాయి. ఇవన్నీ ఉచితం కాబట్టి నమ్మకండి. మూవీ కలెక్టర్ ఉంది. దానికి డబ్బు కట్టాలి కాబట్టి వచ్చే నెల చూద్దామనుకోండి. కోడి, ప్లెక్స్, జెల్లీఫిన్ అనేవి హార్డ్ డిస్కులో ఉన్న ఫైళ్లను టీవీలో ఆడించడానికి పుట్టినవి, బీరువాలో ఏ డిస్కు ఎక్కడుందో లెక్క రాయడం వాటి పని కాదు. అందుచేత వాటితోనే మొదలుపెట్టండి. ఒక్కోదాంట్లో అవే పది సినిమాలు ఎక్కించి, ఏ తెర మీద పోస్టర్లు నిండుగా ఉన్నాయో పోల్చండి. సంక్రాంతి దాకా గడిచిపోతుంది.

ఒక్కటి మాత్రం పరీక్షించకండి. రాసిందంతా బయటికి తీసుకునే దారి ఉందా లేదా అన్నది. టెలికో తన లెక్కలు ఎక్స్ఎమ్ఎల్‌లో దాచుకుంటుంది. రేపు ఆ సాఫ్ట్‌వేరే లేకపోయినా మరో దాంట్లో చదువుకోవచ్చు. అంత స్వేచ్ఛ ఉంటే మనిషికి నిలకడ ఉండదు. తను తప్ప ఇంకెవరూ విప్పలేని ఫైలు రాసే సాఫ్ట్‌వేర్‌ని పట్టుకోండి. తయారుచేసినవాడు దుకాణం కట్టేసిన రోజున మీ భక్తి ఎంతటిదో లోకానికి తెలుస్తుంది.

ఇప్పుడు పేర్లు. ఇక్కడ నెమ్మదిగా నడుద్దాం, విషయం రుచికరమైనది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లు చాలావరకు పేరును రెండు గళ్లలో అడుగుతాయి. మొదటి పేరు, చివరి పేరు. అక్షరక్రమం చివరి పేరును బట్టి కడతాయి. మనకు ఇంటిపేరు ముందూ, పెట్టిన పేరు వెనకా కదా అని మీకు సందేహం రావచ్చు. రానివ్వకండి. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే నింపండి. నందమూరి తారక రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సామర్ల వెంకట రంగారావు, గుమ్మడి వెంకటేశ్వరరావు, కోట శ్రీనివాసరావు, దాసరి నారాయణరావు, కె. రాఘవేంద్రరావు, అందరూ 'రావు' అనే ఒకే ఇంటివాళ్లయి వరసగా కూర్చుంటారు. తెలుగు సినిమా అంతా ఒక్క కుటుంబం చేతిలో ఉందని అంటుంటారు చూశారా, దానికి ఇంతకంటే రుజువు ఉండదు. రావు గోపాలరావు దగ్గర మాత్రం సాఫ్ట్‌వేర్ కాస్త తడబడుతుంది. ఆయనకు ముందూ రావే, వెనకా రావే. ఏ గడిలో ఏది వేసినా తప్పు కాదు, కాబట్టి రెండు రికార్డులు చేసేయండి.

రావుల గుంపులో చేరని వాళ్లను వెతుకుపెట్టెలో పట్టవచ్చు. 'కృష్ణ' అని కొట్టి చూడండి. సూపర్‌స్టార్ కృష్ణ వస్తారు. ఆయన వెనకే కృష్ణంరాజు, బాలకృష్ణ, హరికృష్ణ, రమ్యకృష్ణ, కృష్ణకుమారి, కృష్ణవంశీ, కోడి రామకృష్ణ, టి. కృష్ణ, పాటల గడిలోంచి దేవులపల్లి కృష్ణశాస్త్రి, ఆఖరున 2008లో వచ్చిన రవితేజ సినిమా 'కృష్ణ' దిగుతారు. పాత్రల గడి కూడా నింపి ఉంటే 1977 నాటి 'దానవీరశూర కర్ణ' నుంచి ఎన్టీఆర్ మూడు రికార్డులుగా వస్తారు: కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు. దర్శకుడూ నిర్మాతా కూడా ఆయనే. ఒక్క మనిషికి అయిదు రికార్డులు. మనుషులకు విడి గుర్తింపు సంఖ్య ఇచ్చి, ఒకరిని ఒక్కసారే నమోదు చేసే పద్ధతి ఉంది. దాని జోలికి పోతే మొత్తం ఎంట్రీలు తగ్గిపోతాయి. మీకు కావలసింది పెద్ద అంకె.

సినిమా పేరు పక్కన సంవత్సరం వేయకండి. అది పరాయివాళ్ల అలవాటు. 'దేవదాసు' అని రాస్తే చాలదూ? 1953లో అక్కినేని, 1974లో కృష్ణ, 2006లో రామ్. ఏ దేవదాసో డిస్కు తిరగడం మొదలుపెట్టాక ఎలాగూ తెలుస్తుంది. మల్లీశ్వరీ అంతే. 1951లో బి.ఎన్. రెడ్డి తీసినదా, 2004లో వెంకటేశ్ నటించినదా అన్నది అత్తగారిని కూర్చోబెట్టి ప్లే నొక్కిన తర్వాత తేలితేనే మజా. 'తొలిప్రేమ' రెండు (1998, 2018), 'ఖుషి' రెండు (2001, 2023), 'మిస్సమ్మ' రెండు (1955, 2003). సాఫ్ట్‌వేర్ "ఇది ఇదివరకే ఉంది, నకలు తీసేయనా?" అని మర్యాదగా అడుగుతుంది. మర్యాదగా అడిగినప్పుడు కాదనకూడదు. 'మాయాబజార్' కూడా రెండుసార్లు కనిపిస్తుంది. 1957 నాటి నలుపు తెలుపుది ఒకటి, 2010లో రంగులద్ది విడుదల చేసినది ఒకటి. పాతది తీసేయండి, రంగుల్లేనిది కదా.

తెలుగు లిపిలో టైపు చేయడం కుదురుతుంది. అలా చేస్తే ఒక సినిమాకు ఒకే స్పెల్లింగు వచ్చి ఊరుకుంటుంది. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే 'శంకరాభరణం' ఒకసారి ఎస్ దగ్గర, ఒకసారి ఎస్ హెచ్ దగ్గర, పిల్లవాడు టైపు చేసిన రోజున ఇంకో చోట తేలుతుంది. పైగా అక్షరక్రమం కట్టేటప్పుడు 'ద', 'ఎ' లాంటి ఇంగ్లిషు ముక్కలను వదిలేసే వెసులుబాటు చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. అది ఆన్ చేసే ఉంచండి. 'ఎ ఫిల్మ్ బై అరవింద్' వెళ్లి ఎఫ్‌లో కూర్చుంటుంది. త్రివిక్రమ్ తీసిన 'అ ఆ' ఇంగ్లిషులో టైపు చేస్తే ఉన్న రెండు ముక్కల్లో ఒకటి ఊడిపోతుంది. ఇక '7/జి బృందావన్ కాలనీ' ఉంది. ఆ ఏటవాలు గీతను విండోస్ ఫైలు పేరులో ఒప్పుకోదు. '1: నేనొక్కడినే'లో ఆ రెండు చుక్కలను కూడా ఒప్పుకోదు. రెండింటికీ 'కొత్త ఫోల్డర్', 'కొత్త ఫోల్డర్ (2)' అనే పేర్లు బాగుంటాయి.

బార్‌కోడు గురించి చాలామంది గొప్పగా చెబుతారు. ఫోన్ కెమెరా చూపిస్తే వివరాలన్నీ వచ్చి పడతాయని. అమెరికా డిస్కులకు అవి పడతాయి. మన దగ్గర 2007 ప్రాంతంలో మోజర్ బేర్ కంపెనీ వీసీడీ 28 రూపాయలకు, డీవీడీ 34 రూపాయలకు అమ్మిన రోజుల్లో కిరాణా కొట్టులో కూడా కొన్న తెలుగు డిస్కులున్నాయే, వాటి గీతల్ని ఆ డేటాబేసుల్లో ఎక్కించినవాళ్లు తక్కువ. అయినా మీరు అంకెలన్నీ ఎక్సెల్‌లో కొట్టండి. మన దేశపు బార్‌కోడు 890తో మొదలై 13 అంకెలుంటుంది. ఎక్సెల్ దాన్ని సంఖ్య అనుకుని 8.9ఇ+12 అని కుదించి చూపిస్తుంది. మీ డిస్కులన్నిటికీ ఒకే నంబరు! ఆ గడిని ముందుగా 'టెక్స్ట్' అని మారిస్తే ఈ ముచ్చట ఉండదు. మార్చకండి. అలాగే సీఎస్‌వీగా సేవ్ చేయండి, కుదించిన అంకే ఫైల్లో మిగిలి అసలు అంకెలు శాశ్వతంగా పోతాయి. సేవ్ చేసేటప్పుడు 'యూటీఎఫ్-8' అని రాసి ఉన్న వరసను వదిలి మామూలు సీఎస్‌వీ ఎంచుకున్నారంటే తెలుగులో రాసిన పేర్లన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి. '??????? ??' అంటే 'గుండమ్మ కథ' అని గుర్తు పెట్టుకోగలిగిన వాళ్లకే సేకరణ అబ్బుతుంది.

వీసీడీలు కంప్యూటర్లోకి ఎక్కించే విధానం చెబుతాను. సీడీ మీద పట్టేది గంటంబావు, మహా అయితే గంటా ఇరవై నిమిషాలు, కాబట్టి తెలుగు సినిమా రెండు మూడు సీడీలకు పాకుతుంది. డిస్కు తెరిస్తే 'ఎంపెగ్ఏవీ' అనే ఫోల్డరు, దాంట్లో 'ఏవీఎస్ఈక్యూ01' అనే ఫైలు ఉంటుంది. ప్రతి డిస్కులోనూ ఆ ఫైలు పేరు అదే. 'పాతాళభైరవి' మొదటి సీడీ అయినా 'గ్యాంగ్ లీడర్' రెండో సీడీ అయినా అదే పేరు. అన్నిటినీ 'సినిమాలు' అనే ఒకే ఫోల్డరులోకి లాగండి. "ఈ పేరుతో ఫైలు ఉంది, దాని మీద రాయనా?" అని కంప్యూటర్ అడిగినప్పుడల్లా అవును అనండి. సాయంత్రానికి డిస్కులన్నీ ఎక్కించేసి ఉంటారు, హార్డ్ డిస్కులో చోటు కూడా బోలెడు మిగిలి ఉంటుంది. దీనికి తిరగేసిన చిక్కు కూడా ఉంది, మూడు సినిమాలు ఒకే డీవీడీలో ఇరికించి అమ్మినవి. ఒక డిస్కు అంటే ఒక సినిమా అని సాఫ్ట్‌వేర్ నమ్ముతుంది. దాని నమ్మకాన్ని చెడగొట్టకుండా మొదటి సినిమా పేరు రాసి, మిగతా రెంటినీ మరిచిపోండి.

నంబరు డిస్కు మీద వేయాలా, పెట్టె మీద వేయాలా? పెట్టె మీద మాత్రమే. కేసెట్టు ఒక పెట్టెలో, పెట్టె మరో ఇంట్లో ఉండటం మన సంప్రదాయం. తప్పదంటే డిస్కు మీద బాల్‌పెన్నుతో గట్టిగా అదిమి రాయండి. సీడీలో సమాచారం ఉండే పొర అడుగున మెరిసే వైపు కాకుండా, పైన బొమ్మ ఉన్న వైపుకే దగ్గరగా, సన్నటి పూత కింద ఉంటుంది. పెన్ను మొన నేరుగా సినిమాకే తగులుతుంది.

అరువు గడి గురించి ఒక మాట. జీసీస్టార్, టెలికో లాంటి వాటిలో ఎవరికి, ఎప్పుడు ఇచ్చామో రాసుకునే చోటుంది. కొన్నిటిలో తీసుకున్నవాళ్లకు గుర్తుచేస్తూ ఈమెయిల్ పంపే ఏర్పాటు కూడా ఉంది. దీన్ని పెద్ద బావగారితోనే ప్రారంభించండి. ఆయన 'మాయాబజార్' పట్టుకెళ్లి ఎన్నేళ్లయిందో సాఫ్ట్‌వేర్ రోజులతో సహా లెక్కగట్టి, ఎర్ర అక్షరాల్లో ఆయనకే పంపుతుంది. డిస్కు తిరిగి రాదు గానీ, రాబోయే పెళ్లిళ్లకు శుభలేఖలు ఎన్ని అచ్చు వేయించాలో అన్న లెక్కలో ఒక ఇల్లు తగ్గుతుంది.

ఇప్పటిదాకా చెప్పింది కొన్న సినిమాల సంగతి. అవి పోతే మరొకటి దొరుకుతుంది, చాలావాటికి యూట్యూబే ఉంది. ఇంట్లో తీసిన కేసెట్లది వేరే లెక్క. ప్రపంచంలో ఒక్కటే ప్రతి. అందుకే వాటి విషయంలో మరింత అజాగ్రత్త అవసరం.

పెళ్లి వీడియో ఫైలుకు 'పెళ్లి' అని పేరు పెట్టి, సినిమాలున్న ఫోల్డరులోనే వేయండి. కోడి, జెల్లీఫిన్ లాంటివి ఫైలు పేరు చూసి ఇంటర్నెట్‌లో సరిపోల్చి పోస్టరు తెచ్చి అంటిస్తాయి. మీ చెల్లెలి పెళ్లికి 1997లో వచ్చిన 'పెళ్లి' పోస్టరు వస్తుంది, వరుడు వడ్డే నవీన్. 'పెళ్లి పుస్తకం' అని పెట్టి ఉంటే దర్శకుడు బాపు. గృహప్రవేశం కేసెట్టుకు 1946 నాటి ఎల్.వి. ప్రసాద్ చిత్రం తగులుకుంటుంది, మీ ఇల్లు కట్టింది ఏనాడైనా సరే. ఇంటి వీడియోలకు విడిగా ఒక లైబ్రరీ పెట్టుకునే వీలు జెల్లీఫిన్‌లోనే ఉంది. అది వాడితే పోస్టర్లు రావు. బావమరిది పెళ్లికి బాపు దర్శకత్వం వదులుకోవడం తెలివైన పనేనా?

తేదీ గడిని ఫైలు చెప్పిన తేదీతో నింపండి. 1994లో జరిగిన పెళ్లి 2021లో కంప్యూటర్లోకి ఎక్కితే ఫైలు మీద 2021 అనే ఉంటుంది. దాని ప్రకారం పెళ్లికూతురు తన కొడుకు ఇంజనీరింగ్ అయ్యాక పెళ్లి చేసుకుంది. 05/06 అని రాసి ఉంటే మే నెలో జూన్ నెలో తేల్చకండి, శుభలేఖ తీసి చూస్తే తేలిపోతుంది కాబట్టి శుభలేఖ వెతక్కండి. మినీ డీవీ టేపులతో ఇంకో ఇబ్బంది. తీసిన తేదీ, గంట, నిమిషం టేపులోనే బొమ్మతో పాటు నమోదై ఉంటాయి. ఫైర్‌వైర్ తీగతో దించితే ఆ తేదీ కూడా దిగుతుంది, గంట టేపుకు 13 జీబీ దాకా పడుతుంది. పసుపు మూతి తీగతో దించండి. బొమ్మ కాస్త తగ్గుతుంది, తేదీ పూర్తిగా పోతుంది.

మూడు గంటల కేసెట్టులో పెళ్లి రెండుంబావుకే అయిపోయి, మిగిలిన టేపు మీద దూరదర్శన్‌లో శుక్రవారం వచ్చే చిత్రలహరి పాటలు ఎక్కించిన ఇళ్లు చాలా ఉన్నాయి. మీరు మొదటి అయిదు నిమిషాలు చూసి 'చిత్రలహరి' అనో 'పెళ్లి' అనో, ఏది ముందు కనిపిస్తే అది రాసేయండి. లేబుల్ లేనిదాన్ని 'ఖాళీ' అని రాయండి. కేసెట్టు అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ ముక్క విరిచేస్తే దాని మీద మళ్లీ రికార్డు కాదు, కాబట్టి విరవకండి. పెద్దాయన ఎవరో ముందుచూపుతో విరిచేసి ఉంటే ఆ కంత మీద సెల్లోటేపు అంటించండి. తర్వాత రికార్డు బొత్తాం పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి ఆ కేసెట్టునే పెట్టండి.

కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట మీద తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అది బూజు. కోస్తా ఊళ్లలో వానాకాలాలు చూసిన కేసెట్టుకు బూజు రానిదే వింత. 'పరిస్థితి' అనే గడిలో 'ఫర్వాలేదు' అని రాసి, ఆ కేసెట్టు డెక్కులో పెట్టి నడపండి. బూజు హెడ్డుకు పట్టుకుని, దాని తర్వాత పెట్టిన ప్రతి కేసెట్టుకూ పాకుతుంది. అప్పుడు అన్నిటికీ ఒకే పరిస్థితి రాయవచ్చు, టైపింగు కలిసొస్తుంది. డెక్కు పాడైతే కంగారు లేదు, మరొకటి కొనుక్కోవచ్చు. లోకంలో ఆఖరి వీసీఆర్ తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ 2016 జులైలో ఆ పని మానుకుంది, అంతే. ఆస్ట్రేలియా జాతీయ ఫిల్మ్, సౌండ్ ఆర్కైవ్ వాళ్లయితే 2025 లోగా డిజిటల్‌లోకి మార్చని టేపుల్లో చాలామటుకు దక్కవని పదేళ్ల ముందే హెచ్చరించారు. ఆ గడువు దాటిపోయింది కాబట్టి ఇక తొందర ఏముంది?

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త. కేసెట్టులో ఉన్న మనుషులెవరో పెద్దవాళ్లను అడక్కండి. సినిమాలో ఎవరెవరున్నారో ఇంటర్నెట్ చెబుతుంది, మీ ఇంటి పెళ్లిలో తలంబ్రాల పళ్లెం పట్టుకున్నదెవరో అమ్మమ్మ ఒక్కతే చెబుతుంది. అదే ప్రమాదం. అడిగితే ఇలా అవుతుంది:

"అమ్మమ్మా, ఆ ఎర్రచీర ఆవిడెవరు?"

"మీ తాతయ్య మేనత్త కోడలురా. అప్పటికే దానికి మొగుడితో మాటల్లేవు, అందుకే ఆ చివర నిలబడింది. ఆ మెళ్లో గొలుసు చూశావూ, అది నాదే. పెళ్లికని అడిగి పెట్టుకుంది."

"తిరిగిచ్చిందా?"

"ఇచ్చింది. అదో కథ. ఆపు, ఆపు, మీ అమ్మ ఏడుస్తున్న చోట ఆపు."

చూశారా? రెండు నిమిషాల టేపుకు గంట పట్టింది. మాటల్లేకపోవడానికి గడి లేదు, గొలుసుకు గడి లేదు. ఇదంతా ఫోన్లో రికార్డు చేసి ఆ ఫైలు పక్కనే పెట్టుకోవచ్చని చాదస్తులు అంటారు. మీరు 'నటీనటులు' అన్న చోట 'బంధువులు' అని రాసి ముందుకు సాగండి. వివరాలు తర్వాత నింపుకోవచ్చు. అమ్మమ్మకు ఎనభై ఎనిమిదే కదా.

కేటలాగు పూర్తయ్యాక దాన్నీ, వీడియోలనూ ఒకే హార్డ్ డిస్కులో పెట్టండి. మూడు ప్రతులు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉండాలని ఫొటోగ్రాఫర్లు పాటించే సూత్రం ఒకటుంది. మూడు డిస్కులు కొనే డబ్బుతో ఒక పెద్దది వస్తుంది. దాన్ని టీవీ వెనక తీగల మధ్య వేలాడదీయండి. పాస్‌వర్డు పెట్టి, ఆ పాస్‌వర్డును కేటలాగులోనే భద్రంగా రాసుకోండి.

ఇవన్నీ చేశారంటే మీకు పేరొస్తుంది. డల్లాస్ నుంచి మేనకోడలు ఫోన్ చేస్తుంది. "మామయ్యా, మా అమ్మ పెళ్లిలో అమ్మమ్మ మంగళహారతి పాడిందట కదా, ఆ ముక్క ఒక్కటి పంపవూ" అని. వెంటనే ఎక్సెల్ షీటు పంపించండి. తెరిచి, ఏమీ కనిపించట్లేదు మామయ్యా అంటే, కాలమ్ వెడల్పు పెంచుకుని చూడమనండి.